మిర్చి కోల్డ్ స్టోరేజీకి సొంత డీజిల్ ప్లాంటు: లోడు లెక్క నుంచి గ్రిడ్‌తో కలిపేదాకా

గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీ కట్టేవాళ్లు ఇన్సులేషన్ దగ్గర, కంప్రెసర్ల దగ్గర పైసా పైసా లెక్క చూస్తారు. డీజిల్ జనరేటర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ట్రాన్స్‌ఫార్మర్ 500 కేవీఏ కదా, డీజీ కూడా 500 పెట్టేయండి" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. ఆ తర్వాత పదేళ్లపాటు ఆ ఇంజను పావు లోడు మీద తిరిగి, సైలెన్సర్‌లోంచి నల్లటి జిగురు కారుస్తూ ఉంటుంది. డీజిల్ ప్లాంటులో ప్రతి నిర్ణయం లోడు దగ్గరే మొదలవుతుంది. సెట్టు (ఇంజను, దానికి బిగించిన కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ కలిపి) సైజు, సెట్ల సంఖ్య, ట్యాంకు, చివరికి మరమ్మతు ఖర్చు కూడా దాన్నిబట్టే ఉంటాయి. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు లోడుకీ, సెట్లను కలపడానికీ ఇచ్చాను. బ్రోచర్లలో దొరికే విషయాల మీద నుంచి త్వరగా దాటేశాను.

డబ్బు లెక్క తేల్చుకోండి

లీటరు డీజిల్‌లో దాదాపు 10 యూనిట్ల శక్తి ఉంటుంది. మంచి ఇంజను సరైన లోడు మీద ఉన్నప్పుడు అందులోంచి 3.5 నుంచి 4 యూనిట్ల కరెంటు తీస్తుంది. మిగతాదంతా పొగగొట్టంలోంచీ రేడియేటర్‌లోంచీ వేడిగా పోతుంది. లీటరు 100 రూపాయలు అనుకుంటే ఒక్క ఇంధనానికే యూనిట్‌కి 25 నుంచి 29 రూపాయలు పడుతుంది. ఆయిలు, ఫిల్టర్లు, ఆపరేటర్ జీతం, ఇంజను అరుగుదల ఇందులో కలపలేదు.

"మిగిలిన కరెంటు గ్రిడ్‌కి అమ్ముకోవచ్చా?" అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. సాంకేతికంగా అడ్డేమీ లేదు. 1990ల చివర్లో కేరళ బ్రహ్మపురంలో ఒక్కొక్కటి 21.32 మెగావాట్ల ఇంజన్లు అయిదు పెట్టి 106.6 మెగావాట్ల డీజిల్ ప్లాంటు కట్టారు. అది నేరుగా రాష్ట్ర గ్రిడ్‌కి కరెంటిచ్చింది. ఇంధనం ధర పెరిగాక ఆ కరెంటు ఎవరికీ కిట్టుబాటు కాక ఇంజన్లు పక్కన పడ్డాయి. లక్షద్వీప్, అండమాన్ లాంటి చోట్ల డీజిలే ఆధారం, ఎందుకంటే అక్కడికి మన గ్రిడ్ తీగ వెళ్లదు. గుంటూరులో మనకి పక్కనే 11 కేవీ ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే 11,000 వోల్టుల లైను) ఉంది. కాబట్టి ఇక్కడ డీజిల్ ప్లాంటు ఉన్నది సరుకును కాపాడుకోవడానికే, వ్యాపారానికి కాదు.

ఇంకో సంగతి. కరెంటు పోగానే డీజీ వేయాలన్న నియమమేమీ లేదు. గది నిండా మిర్చి టిక్కీలు (బస్తాలు) ఉండి తలుపులు మూసి ఉంటే లోపలి చల్లదనం వెంటనే పోదు. అంత సరుకులో చేరిన చలి నెమ్మదిగా తగ్గుతుంది. గడియారం చూసి కాకుండా గది థర్మామీటర్ చూసి డీజీ వేయండి. లోడింగు జరుగుతూ తలుపులు తెరిచి ఉన్న రోజుల్లో లెక్క వేరు. లిఫ్టు, లైట్లు, హమాలీల పని ఆగకూడదు కాబట్టి అప్పుడు వెంటనే వేయాల్సిందే.

లోడు కొలవండి, ఊహించకండి

మోటార్ల నేమ్‌ప్లేట్లు కూడేస్తే వచ్చేది లోడు కాదు. హెచ్‌టీ (హై టెన్షన్) కరెంటు బిల్లు మీద నెలనెలా ఆర్ఎండీ, అంటే ఆ నెలలో నమోదైన గరిష్ఠ డిమాండ్, కేవీఏలో ఉంటుంది. పన్నెండు నెలల బిల్లులు ముందేసుకోండి. మార్చి నుంచి మే దాకా, కొత్త సరుకు దిగి ఎండలు మండే రోజుల్లో అది ఎంత ఎక్కిందో, డిసెంబరులో ఎంతకి దిగిందో రాసుకోండి. రెండు అంకెలూ కావాలి. ఎక్కువ అంకె సెట్టు ఎంత పెద్దదిగా ఉండాలో చెబుతుంది, తక్కువ అంకె ఎంత చిన్నదిగా ఉండాలో చెబుతుంది. చాలామంది రెండో అంకె చూడరు.

కొత్తగా కడుతుంటే బిల్లులు ఉండవు కాబట్టి మోటారు మోటారుగా లెక్క వేయాలి. ఉదాహరణకి ఒక మామూలు స్టోరేజీ తీసుకుందాం. 90 కిలోవాట్ల అమ్మోనియా కంప్రెసర్లు మూడు. రెండు నడుస్తాయి, ఒకటి స్టాండ్‌బై. గదుల్లో ఫ్యాన్లకి 30 కిలోవాట్లు, కండెన్సర్ పంపులకి 15, లిఫ్టు, లైట్లకి ఇంకో 15. నేమ్‌ప్లేట్ల ప్రకారం నడిచేది 240 కిలోవాట్లు. కంప్రెసర్ ఎప్పుడూ పూర్తి లోడు లాగదు కాబట్టి క్లాంప్ మీటరు పెట్టి చూస్తే 220 దరిదాపుల్లో కనిపిస్తుంది. పవర్ ఫ్యాక్టర్ (కేవీఏలో నిజంగా పనికొచ్చే కిలోవాట్ల వంతు) 0.85 అనుకుంటే సుమారు 260 కేవీఏ. చలికాలం రాత్రి ఒక్క కంప్రెసర్, కొన్ని ఫ్యాన్లు మాత్రమే తిరిగితే 120 కిలోవాట్లు.

ఇది నడుస్తున్నప్పటి లోడు. మొదలయ్యేటప్పటి లోడు సంగతి వేరు. 90 కిలోవాట్ల మోటారు పూర్తి లోడు కరెంటు 155 ఆంపియర్లు ఉంటుంది. దాన్ని నేరుగా లైనుకి కలిపితే ఆరు రెట్లు, అంటే 930 ఆంపియర్ల దాకా లాగుతుంది. స్టార్-డెల్టా స్టార్టర్ (మోటారుని ముందు తక్కువ వోల్టేజీతో లేపి తర్వాత పూర్తి వోల్టేజీకి మార్చేది) పెడితే మూడో వంతుకి, 310కి తగ్గుతుంది. అయితే స్టార్ నుంచి డెల్టాకి మారే క్షణంలో చిన్న దెబ్బ ఉంటుంది. వీఎఫ్‌డీ (ఫ్రీక్వెన్సీ మారుస్తూ మోటారు వేగాన్ని మెల్లగా పెంచే పరికరం) ఉంటే మోటారు తన మామూలు కరెంటు దాటకుండానే లేస్తుంది. 250 కేవీఏ సెట్టు పూర్తి రేటింగు 348 ఆంపియర్లు. అప్పటికే సగం లోడు మీద ఉన్న సెట్టు మీద రెండో కంప్రెసర్‌ని స్టార్-డెల్టాతో వేస్తే లైట్లు మసకబారడం, కాంటాక్టర్లు (మోటార్లని కలిపే అయస్కాంత స్విచ్‌లు) గడగడలాడి ఊడిపోవడం చూస్తారు. పెద్ద సెట్టు కొనే ముందు ఆ డబ్బులో కొంత పెట్టి కంప్రెసర్లకి వీఎఫ్‌డీ గానీ సాఫ్ట్ స్టార్టర్ గానీ వేయించడం తెలివైన పని. రెసిప్రొకేటింగ్ (పిస్టన్) కంప్రెసర్ అయితే అన్‌లోడర్ (లేచేటప్పుడు కంప్రెసర్ మీద భారం తీసేసే భాగం) పని చేస్తోందో లేదో కూడా చూసుకోండి. లోడు దించకుండా లేపితే ఏ స్టార్టరూ కాపాడలేదు.

ఒక పెద్ద సెట్టా, రెండు చిన్నవా

పై ఉదాహరణలో 500 కేవీఏ సెట్టు ఒకటి పెట్టారనుకోండి. 0.8 పవర్ ఫ్యాక్టర్‌తో అది 400 కిలోవాట్ల యంత్రం. చలికాలం రాత్రి 120 కిలోవాట్లు అంటే 30 శాతం లోడు. ఆ లోడు మీద గంటలకొద్దీ తిరిగితే సిలిండర్లు సరిగ్గా వేడెక్కవు, డీజిల్ పూర్తిగా కాలదు. మసి, ఆయిలు కలిసి జిగురుగా మారి నాజిళ్ల మీద, టర్బోలో, సైలెన్సర్‌లో పేరుకుంటుంది. వెట్ స్టాకింగ్ అనేది ఇదే. 2023 జులై 1 నుంచి 800 కిలోవాట్ల దాకా కొత్త సెట్లకి సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి) 4 ప్లస్ ప్రమాణాలు వచ్చాక ఈ బాధ ఇంకా పెరిగింది. ఈ సైజు సెట్లలో పొగని శుద్ధి చేయడానికి ఎస్‌సీఆర్ ఉంటుంది, అందులోకి డెఫ్ ద్రవం (యూరియా కలిపిన నీళ్లు) చిమ్ముతారు. పొగ తగినంత వేడిగా లేకపోతే ఆ వ్యవస్థ పని చేయదు. కంట్రోలర్ ముందు అలారం ఇస్తుంది, పట్టించుకోకపోతే ఇంజను శక్తిని తగ్గించేస్తుంది.

అవే 250 కేవీఏ సెట్లు రెండు పెడితే, రాత్రి ఒక్కటే 60 శాతం లోడు మీద హాయిగా తిరుగుతుంది. మే నెలలో రెండూ కలిసి 220 కిలోవాట్లు పంచుకుంటాయి. ఒకటి పాడైతే రెండోది కనీసం ఒక కంప్రెసర్‌ని, ఫ్యాన్లని నిలబెడుతుంది. సరుకు పోదు. ఖర్చు కొంచెం ఎక్కువే. రెండు సెట్లని కలిపే సింక్ ప్యానెల్ కూడా కావాలి. అయినా ఈ సైజు స్టోరేజీకి నా ఓటు రెండు సెట్లకే. రెండూ ఒకే కంపెనీవి, ఒకే మోడల్‌వి తీసుకోండి. ఫిల్టర్లు, బెల్టులు ఒకటే అవుతాయి. అంతకంటే ముఖ్యంగా ఆల్టర్నేటర్ వైండింగ్ పిచ్ (లోపలి తీగ చుట్టిన కొలత) ఒకటే అవుతుంది. పిచ్ వేరైతే రెండింటినీ కలిపినప్పుడు న్యూట్రల్‌లో పనికిరాని కరెంటు తిరుగుతూ ఉంటుంది.

కొనేటప్పుడు ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: "ఈ రేటింగు ఎన్ని డిగ్రీల దగ్గర?" మన దగ్గర మే నెలలో 45 డిగ్రీల దాకా ఎక్కే రోజులుంటాయి. క్యానపీ (సెట్టు చుట్టూ ఉండే శబ్దం తగ్గించే పెట్టె) లోపల అంతకంటే ఎక్కువ. 45 దగ్గర, 50 దగ్గర ఎంత కిలోవాట్లు ఇస్తుందో రాతపూర్వకంగా తీసుకోండి.

చోటు, దిమ్మె, గాలి

గుంటూరు నల్లరేగడి నేల వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం నెర్రెలిస్తుంది. దాని మీద నేరుగా దిమ్మె పోస్తే రెండేళ్లలో ఒక మూల దిగుతుంది. నల్లమట్టి తీసేసి, ఇసుక, గ్రావెల్ పొరలుగా వేసి రోలర్‌తో తొక్కించి, దాని మీద ఆర్‌సీసీ దిమ్మె వేయండి. క్యానపీ సెట్లకి లోపలే వైబ్రేషన్ ప్యాడ్లు ఉంటాయి కాబట్టి బండలాంటి పునాది అక్కర్లేదు. కానీ లెవెల్ తప్పకూడదు.

దిమ్మె ఎత్తు ఎంతుండాలి? 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. కింది అంతస్తుల్లో ఉన్న జనరేటర్ల గతి చెప్పక్కర్లేదు. వరదొచ్చిన రోజే డీజీ కావాల్సి వస్తుంది, అదే రోజు అది మునిగితే ఎందుకు? మీ స్థలంలో ఊరివాళ్లకి గుర్తున్న అతి పెద్ద నీటి మట్టం కనుక్కుని, దాని పైన కనీసం రెండడుగులు లేపండి. ప్యానెల్ గది, డీజిల్ ట్యాంకు కూడా అదే ఎత్తులో ఉండాలి. ఇంజను ఒడ్డున ఉండి ప్యానెల్ మునిగినా ఫలితం ఒకటే.

రేడియేటర్ వేడిగాలి మళ్లీ క్యానపీలోకి తిరిగి రాకూడదు. ఎదురుగా గోడ ఉంటే తిరిగొస్తుంది. వేసవిలో పడమటి గాలి బలంగా వీస్తుంది, కాబట్టి రేడియేటర్ ముఖం పడమరకి పెట్టకండి. అన్‌లోడింగ్ ప్లాట్‌ఫారం వైపు అసలే వద్దు. టిక్కీలు దించేటప్పుడు లేచే మిరప దుమ్ము, తొడిమల ముక్కలు రేడియేటర్ రెక్కల మధ్య ఇరుక్కుంటాయి. ఇంజను బ్రీదర్ నుంచి వచ్చే ఆయిలు ఆవిరి తగిలి అవి ఎర్రటి ముద్దలా గట్టిపడతాయి. బయటికి రేడియేటర్ శుభ్రంగానే కనిపిస్తుంది, టార్చి వేసి అవతలి నుంచి చూస్తే వెలుతురు రాదు. కంప్రెస్డ్ గాలిని గాలి వెళ్లే దిశకి ఎదురుగా కొట్టాలి, తర్వాత సబ్బునీళ్లతో తక్కువ ఒత్తిడి మీద కడగాలి. కారు కడిగే జెట్ వాడితే రెక్కలు వంగిపోతాయి. కడిగేవాడికి మాస్కు, కళ్లద్దాలు ఇవ్వండి, లేకపోతే ఆ రోజంతా తుమ్ములే.

పొగగొట్టం ఎత్తుకి సూత్రం ఉంది. భవనం ఎత్తుకి, కేవీఏ వర్గమూలంలో 0.2 వంతు మీటర్లు కలపాలి. 250 కేవీఏకి అది 3.2 మీటర్లు. శబ్దం క్యానపీకి మీటరు దూరంలో 75 డెసిబెల్స్ దాటకూడదు.

డీజిల్ నిల్వ

ఈ ఫీల్డులో ట్యాంకులు 990 లీటర్లే ఎందుకు ఉంటాయో తెలుసా? 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం డీజిల్ బీ క్లాసు. ఒక చోట మొత్తం 2,500 లీటర్లు దాటకుండా, ఏ ఒక్క పాత్రా 1,000 లీటర్లకి మించకుండా ఉంటే లైసెన్సు అక్కర్లేదు. అందుకే అందరూ 990 పెడతారు. మన ఉదాహరణలో రెండు సెట్లూ కలిసి ఆ 220 కిలోవాట్లు మోస్తూ గంటకి 60 లీటర్లు తాగితే ఒక ట్యాంకు 16 గంటలు వస్తుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పటిలాంటి పరిస్థితి వస్తే రోడ్లు తెగి బంకు నుంచి ట్యాంకర్ రాకపోవచ్చు. తుపాను హెచ్చరిక రాగానే రెండు ట్యాంకులూ నింపి పెట్టుకోవాలి.

డీజిల్‌కి అసలు శత్రువు నీళ్లు. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చెమ్మ చేరి అడుక్కి దిగుతుంది. నీళ్లు, డీజిలు కలిసే గీత దగ్గర నల్లటి నాచులాంటిది పెరిగి ఫిల్టర్లని మూసేస్తుంది. ట్యాంకుని డ్రెయిన్ వైపుకి కొంచెం వాలుగా పెట్టించండి. వారానికోసారి డ్రెయిన్ వాల్వు తిప్పి ఒక గాజు సీసాలోకి పట్టి వెలుతురులో చూడండి. కింద వేరుగా ఒక పొర కనిపిస్తే స్వచ్ఛమైన డీజిల్ వచ్చేదాకా వదిలేయండి. డెఫ్ డబ్బాలు మాత్రం ఎండలో పెట్టకండి, వేడికి అది త్వరగా చెడిపోతుంది. కోల్డ్ స్టోరేజీ మీదే, నీడకి కరువు లేదు.

అనుమతులు

క్లుప్తంగా చెబుతాను. డ్రాయింగులు ముందుగా ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్‌కి ఇచ్చి ఆమోదం తీసుకోండి. పని అయ్యాక వాళ్లు వచ్చి చూసి అనుమతి ఇచ్చేదాకా సెట్టుని లోడు మీదకి తేకండి. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి పత్రంలో డీజీ సెట్లు కూడా రాయించాలి. గ్రిడ్‌తో ఒక్క క్షణమైనా సమాంతరంగా నడపాలనుకుంటే మన కరెంటు పంపిణీ సంస్థ ఏపీసీపీడీసీఎల్ రాతపూర్వక అనుమతి కావాలి. ఆ ఆలోచన లేకపోతే చేంజోవర్ (లోడుని గ్రిడ్ నుంచి డీజీకి మార్చే ఏర్పాటు) ఇంటర్‌లాక్ (రెండూ ఒకేసారి కలవకుండా అడ్డుకునేది) వివరాలు చాలు.

ఎర్తింగు, చేంజోవర్

ఒక్కో సెట్టుకి నాలుగు ఎర్త్ పిట్లు కావాలి. న్యూట్రల్‌కి రెండు, బాడీకి రెండు. విలువ ఒక ఓమ్ లోపు ఉండేలా చూసుకోండి. కాంట్రాక్టర్లు నవంబరులో, నేల తడిగా ఉన్నప్పుడు కొలిచి అందమైన రిపోర్టు ఇస్తారు. నల్లరేగడి మేలో ఎండి పగిలినప్పుడు అదే పిట్ ఎంత చూపిస్తుందో అదే అసలు విలువ. కొలత మేలో పెట్టుకోండి.

ఇక చేంజోవర్ విషయంలో ఎవరితోనూ రాజీ పడకండి. మీ ట్రాన్స్‌ఫార్మర్ 11,000 వోల్టుల్ని 433కి దించుతుంది. అదే ట్రాన్స్‌ఫార్మర్‌కి ఇటువైపు నుంచి డీజీ 415 వోల్టులు ఇస్తే అటువైపు దాదాపు 11,000 వోల్టులు వస్తుంది. ఫీడర్ ఆపించి స్తంభం ఎక్కిన లైన్‌మ్యాన్ ఆ తీగ పట్టుకుంటాడు. కాబట్టి గ్రిడ్ బ్రేకరు, డీజీ బ్రేకరు రెండూ ఒకేసారి మూయడం (అంటే లైనుకి కలపడం) వీలుకాని విధంగా ఎలక్ట్రికల్, మెకానికల్ ఇంటర్‌లాక్‌లు రెండూ ఉండాలి. బ్రేకర్లు నాలుగు పోళ్లవి ఉండాలి, న్యూట్రల్ కూడా విడిపోవాలి. "తాత్కాలికంగా" ఇంటర్‌లాక్ వైరు తీసేసే ఎలక్ట్రీషియన్‌ని ప్యానెల్ గదిలోకి రానివ్వకండి.

రెండు సెట్లని కలపడం

ఇప్పుడన్నీ ఆటో కంట్రోలర్లు. డీప్ సీ, కోమాప్ లాంటి కంపెనీలవి బటన్ నొక్కగానే రెండు సెట్లని లేపి, కలిపి, లోడు పంచేస్తాయి. అయినా ఆపరేటర్‌కి చేత్తో కలపడం రావాలి. కంట్రోలర్ పోయిన రాత్రి రెండు గంటలకి కంపెనీ ఇంజనీరు రాడు.

నాలుగు ఒకటవ్వాలి: వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ, ఫేజ్ వరుస (మూడు ఫేజులు ఒకదాని వెంట ఒకటి వచ్చే క్రమం), ఫేజ్ కోణం (రెండు సెట్ల అలల మధ్య ఎడం). ఫేజ్ వరుస మొదటిసారి, ఆ తర్వాత ఆల్టర్నేటర్ కేబుళ్లు ఊడదీసిన ప్రతిసారీ మీటరు పెట్టి చూడాలి. ల్యాంపుల పద్ధతి కూడా ఉంది. తెరిచి ఉన్న బ్రేకరు మూడు పోళ్ల మీదుగా రెండేసి బల్బులు సీరీస్‌లో కడతారు, ఎందుకంటే అక్కడ వోల్టేజీ 480 దాకా ఎక్కుతుంది. మూడు జతలూ ఒకేసారి వెలిగి ఒకేసారి ఆరితే వరుస సరైనదే. ఒకదాని తర్వాత ఒకటి చుట్టూ తిరుగుతున్నట్టు వెలిగితే వరుస తప్పు. వెంటనే ఆపి రెండు ఫేజులు మార్చాలి.

తర్వాత క్రమం ఇది. మొదటి సెట్టు లేపి బస్‌బార్ (రెండు సెట్ల కరెంటూ కలిసే లోహపు పట్టీ) మీదకి తెచ్చి ముఖ్యమైన లోడు వేయండి. రెండో సెట్టు లేపి నాలుగైదు నిమిషాలు వేడెక్కనివ్వండి. ఏవీఆర్ (ఆల్టర్నేటర్ వోల్టేజీని సర్దే పరికరం) తిప్పి వోల్టేజీని బస్ వోల్టేజీకి తెండి. ఇప్పుడు సింక్రోస్కోపు (రెండు సెట్ల మధ్య తేడా చూపే ముల్లు మీటరు) స్విచ్ వేయండి. ముల్లు గడియారం దిశలో తిరిగితే వచ్చే సెట్టు వేగంగా ఉందని, ఎదురుగా తిరిగితే నెమ్మదిగా ఉందని. గవర్నర్‌ని (ఇంజను వేగం సర్దేదాన్ని) చిటికెడు చిటికెడు సర్దుతూ ముల్లు గడియారం దిశలోనే, చాలా నెమ్మదిగా తిరిగేలా చేయండి. కొత్త కుర్రాళ్లు ముల్లు సరిగ్గా 12 మీదకి వచ్చాక బటన్ నొక్కుతారు. బ్రేకరు మూసుకోవడానికి దానికంటూ కొంత సమయం పడుతుంది, ఆలోపు ముల్లు 12 దాటిపోతుంది. ముల్లు 11 దాటి 12కి చేరబోతుండగా నొక్కాలి. సరిగ్గా పడితే బ్రేకరు ఒక్క 'టక్' అంటుంది, ఇంజను గొంతు మారదు. తప్పుగా పడితే దిమ్మె అదిరిన శబ్దం ఆఫీసు గదిదాకా వినిపిస్తుంది. ఆ దెబ్బ ఆల్టర్నేటర్ వైండింగుకీ, కప్లింగుకీ తగులుతుంది. చెక్-సింక్ రిలే పెట్టించుకుంటే తేడాలు హద్దులో లేనప్పుడు బటన్ నొక్కినా బ్రేకరు మూసుకోదు. వోల్టేజీలో 5 శాతం, ఫ్రీక్వెన్సీలో 0.2 హెర్ట్జ్, కోణంలో 10 డిగ్రీలు మామూలుగా పెట్టే హద్దులు.

కలిశాక రెండో సెట్టు ఊరికే తిరుగుతూ ఉంటుంది. ఇప్పుడు దాని గవర్నర్ పెంచితే కిలోవాట్లు తీసుకుంటుంది, ఏవీఆర్ పెంచితే కేవీఏఆర్ (పని చేయని రియాక్టివ్ పవర్) తీసుకుంటుంది. ఈ రెండింటినీ కలగాపులగం చేయకండి. కిలోవాట్లు తక్కువగా ఉన్నాయని ఏవీఆర్ మీది వోల్టేజీ నాబ్ తిప్పితే కరెంటు పెరుగుతుంది గానీ పని పెరగదు. రెండు గవర్నర్లకీ ఒకే డ్రూప్ (లోడు పెరిగేకొద్దీ వేగం తగ్గే శాతం) ఉండాలి. 4 శాతం డ్రూప్ అంటే ఖాళీగా 52 హెర్ట్జ్, పూర్తి లోడు మీద 50 హెర్ట్జ్. ఒకదానికి 3, ఇంకోదానికి 5 ఉంటే లోడు మారినప్పుడల్లా 3 శాతం ఉన్న సెట్టే ఎక్కువ భాగం మోస్తుంది.

సమాంతరంగా నడిచేటప్పుడు ఒక్క సెట్టు న్యూట్రల్ మాత్రమే ఎర్త్‌కి కలిసి ఉండేలా న్యూట్రల్ కాంటాక్టర్లు పెట్టించండి. రివర్స్ పవర్ రిలే తప్పనిసరి. ఒక ఇంజనుకి డీజిల్ అందక ఆగబోతే, రెండోది దాన్ని మోటారులా తిప్పడం మొదలుపెడుతుంది. మోస్తున్న సెట్టు మీద భారం, ఆగాల్సిన ఇంజనుకి ప్రమాదం. రేటింగులో 5 నుంచి 10 శాతం వెనక్కి రాగానే కొద్ది సెకన్ల ఆలస్యంతో ట్రిప్ అయ్యేలా పెడతారు.

గ్రిడ్‌తో కలపాలంటే

2013 డిసెంబరు 31 నుంచి దక్షిణాది గ్రిడ్ కూడా దేశం మొత్తం గ్రిడ్‌తో కలిసి ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడుస్తోంది. ఇబ్రహీంపట్నంలో నార్ల తాతారావు థర్మల్ స్టేషన్ టర్బైనూ, గుజరాత్‌లో ఉన్న టర్బైనూ ఒకే తాళం మీద తిరుగుతాయి. మీ 250 కేవీఏ సెట్టు దాన్ని వీసమెత్తు కూడా మార్చలేదు. రెండు సెట్లు కలిపినప్పుడు గవర్నర్ పెంచితే ఫ్రీక్వెన్సీ కూడా కదులుతుంది. గ్రిడ్ మీద గవర్నర్ పెంచితే కిలోవాట్లు మాత్రమే పెరుగుతాయి. ఐసోక్రోనస్ (లోడు ఎంతున్నా 50 హెర్ట్జే పట్టుకునే) మోడ్‌లో వదిలేస్తే సెట్టు గ్రిడ్ ఫ్రీక్వెన్సీని 50కి లాగాలని చూసి, పూర్తి లోడుకి ఎగబాకడమో, సున్నాకి పడి వెనక్కి తిరగడమో జరుగుతుంది. కాబట్టి డ్రూప్ గానీ స్థిర కిలోవాట్ల మోడ్ గానీ పెట్టాలి.

పెద్ద ప్రమాదం ఇంకొకటి. 11 కేవీ ఫీడర్ సబ్‌స్టేషన్‌లో ట్రిప్ అయ్యి, కొద్ది సెకన్లలో మళ్లీ దానంతటదే మూసుకోవచ్చు. ఆ కొద్ది సెకన్లలో మీ సెట్టు ఒంటరిగా పక్కవాళ్ల లోడు మోయబోయి ఫ్రీక్వెన్సీ జారిపోతుంది. అప్పుడు గ్రిడ్ వచ్చి తప్పు కోణంలో కలుస్తుంది. అందుకే గ్రిడ్ తెగిందని పసిగట్టే రేట్ ఆఫ్ చేంజ్ ఆఫ్ ఫ్రీక్వెన్సీ (ఫ్రీక్వెన్సీ మారే వేగం), వెక్టర్ షిఫ్ట్ (కోణం హఠాత్తుగా జరగడం), అండర్ వోల్టేజీ, ఓవర్ వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ రిలేలు అన్నీ కావాలి. గ్రిడ్ పోయిన క్షణంలోనే మెయిన్స్ బ్రేకరు తెరుచుకోవాలి.

దీనివల్ల మీకొచ్చే లాభమేమిటి? గ్రిడ్ తిరిగొచ్చినప్పుడు కంప్రెసర్లు ఆగకుండా లోడు మార్చుకోవచ్చు, అంతే. ఆసుపత్రికో, సర్వర్లున్న చోటుకో అది విలువైనది. మిర్చికి పది సెకన్ల చీకటి వల్ల ఏమీ కాదు. నా సలహా అయితే రెండు సెట్లని ఒకదానితో ఒకటి కలపండి, గ్రిడ్‌తో మాత్రం కలపకుండా ఇంటర్‌లాక్‌తో విడిగానే ఉంచండి. ఆ రిలేల డబ్బుతో వీఎఫ్‌డీ కొనండి.

రోజువారీ నడపడం

లేపే ముందు ఆయిల్ డిప్‌స్టిక్, కూలెంట్, బెల్టు బిగువు, వాటర్ సెపరేటర్, డెఫ్ మట్టం చూడాలి. ఆపరేటర్‌ని "చూశావా?" అని అడిగితే "చూశానండీ" అనే అంటాడు. "ఎంతుంది?" అని అడగండి. సెట్టు లేవకపోవడానికి మొదటి అనుమానం ఎప్పుడూ బ్యాటరీ మీదే. చార్జర్ మీద వోల్టేజీ బాగానే కనిపిస్తుంది, స్టార్టర్ లాగినప్పుడు కుప్పకూలుతుంది. క్రాంకింగ్ సమయంలో వోల్టేజీ రాసుకోండి.

లేచాక ఆయిల్ ప్రెషర్ చూసి, మూడు నుంచి అయిదు నిమిషాలు వేడెక్కనిచ్చి, లోడు మెట్లు మెట్లుగా వేయాలి. ముందు ఫ్యాన్లు, పంపులు, తర్వాత ఒక కంప్రెసర్, అది స్థిరపడ్డాక రెండోది. ఆపేటప్పుడు లోడు తీసేసి మళ్లీ మూడు నాలుగు నిమిషాలు ఖాళీగా తిప్పాలి. లేకపోతే కాలిపోతున్న టర్బోకి ఆయిలు ఒక్కసారిగా ఆగిపోతుంది.

కరెంటు పోని నెలల్లో కూడా నెలకోసారి అరగంట నడపండి. కానీ ఖాళీగా కాదు, కనీసం మూడో వంతు లోడు మీద. వారం వారం అయిదు నిమిషాలు ఖాళీగా తిప్పి "టెస్టు చేశాం" అనుకోవడం ఇంజనుకి మేలు కంటే కీడే చేస్తుంది. ఏడాదికోసారి, వేసవికి ముందు, అద్దె లోడ్ బ్యాంకు (పరీక్ష కోసం కృత్రిమంగా లోడు పెట్టే పెట్టె) తెప్పించి పూర్తి లోడు మీద రెండు గంటలు తిప్పితే పేరుకున్న మసి కాలిపోతుంది. రేడియేటర్ సత్తా కూడా బయటపడుతుంది.

మరమ్మతులు

ఆయిలు, ఫిల్టర్లు కంపెనీ పుస్తకం చెప్పిన గంటలకి గానీ, గంటలు పూర్తి కాకపోయినా చెప్పిన నెలలకి గానీ మార్చాలి. స్టాండ్‌బై సెట్లలో నెలలే ముందు వస్తాయి. నాజిళ్లు, పంపు కాలిబ్రేషన్‌కీ, రేడియేటర్ కోర్ పనికీ విజయవాడ ఆటోనగర్ ఉంది. పాత మెకానికల్ పంపులకి అక్కడి పనితనం గొప్పది. కొత్త కామన్ రైల్ (డీజిల్‌ని ఎలక్ట్రానిక్‌గా చిమ్మే) ఇంజన్లని మాత్రం కంపెనీ సాఫ్ట్‌వేర్ లేకుండా విప్పనివ్వకండి.

వానాకాలం తర్వాత ఆల్టర్నేటర్ వైండింగుకి 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టాలి. ముందు ఏవీఆర్ ఊడదీయండి, డయోడ్లని షార్టు చేయండి. లేకపోతే పరీక్షలోనే అవి పోతాయి. విలువ ఒక మెగా ఓమ్ కంటే తక్కువైతే హీటర్లు పెట్టి ఆరబెట్టాకే నడపాలి. చాలాకాలం ఆగిన సెట్టు చక్కగా తిరుగుతూ కూడా వోల్టేజీ ఇవ్వకపోతే అది పెద్ద రోగం కాకపోవచ్చు. రోటర్‌లో మిగిలి ఉండాల్సిన అయస్కాంతత్వం పోయి ఉంటుంది. కంపెనీ పుస్తకంలో చూపిన టెర్మినళ్లకి, డయోడ్ సీరీస్‌లో పెట్టి, 12 వోల్టుల బ్యాటరీ క్షణం తాకిస్తే లేస్తుంది.

పొగ రంగు చూడటం ఆపరేటర్‌కి నేర్పండి. లోడు వేసినప్పుడు కాసేపు నల్లగా రావడం సహజం. ఆగకుండా నల్లగా వస్తే ఎయిర్ ఫిల్టర్ మూసుకుందో, టర్బో పోయిందో, లోడు మించిందో చూడాలి. వేడెక్కాక కూడా తెల్లగా వస్తుంటే నాజిల్ కారుతోంది, లేదా కూలెంట్ సిలిండర్‌లోకి దిగుతోంది. తేడా తెలియాలంటే కూలెంట్ మట్టం రోజూ గీత గీసి చూడండి. నీలంగా వస్తే ఆయిలు కాలుతోంది. సీపీసీబీ 4 ప్లస్ సెట్టులో పొగ కంటికి కనిపించడమే అనుమానించాల్సిన విషయం.

లాగ్‌బుక్‌లో గంట గంటకీ రాయాల్సినవి అయిదే: కిలోవాట్లు, ఆయిల్ ప్రెషర్, కూలెంట్ ఉష్ణోగ్రత, ఫ్రీక్వెన్సీ, ట్యాంకు మట్టం. నెలాఖరుకి యూనిట్లని లీటర్లతో భాగించండి. 3.6 వచ్చే సెట్టు 3.1కి పడితే మూడు కారణాలు ఉండొచ్చు: లోడు తక్కువైంది, నాజిళ్లు అరిగాయి, లేదా డీజిల్ ఇంజనుకి కాకుండా వేరే బండ్లకి పోతోంది. మొదటి రెండూ లాగ్‌బుక్ చెబుతుంది, మూడోదానికి ట్యాంకు మూతకి తాళం వేసి తాళంచెవి మీ దగ్గర పెట్టుకోండి.